చూపుల డ్యూటీ

ఇంట్లో కూర్చుని పెళ్లాం ముఖం ఎంతసేపని చూస్తారు, వారానికి 90 గంటలు పనిచెయ్యండి, ఆదివారం కూడా రండి అని ఎల్ అండ్ టీ ఛైర్మన్ సుబ్రహ్మణ్యన్ గారు సెలవిచ్చారు. దేశమంతా తిట్టిపోసింది. మా ఖరగ్‌పూర్ నింపురాలో మాత్రం ఒకడు లెక్కల్లో పడ్డాడు.

మావాడు ఊళ్లోనే ఓ హోటల్లో హౌస్‌కీపింగ్ మేనేజర్. వాడి ఉద్యోగమే చూడ్డం. దుప్పటి మీద ముడత చూస్తాడు, అద్దం మీద వేలిముద్ర చూస్తాడు, బాత్‌రూమ్‌లో వెంట్రుక చూస్తాడు. రూమ్‌బాయ్‌లు రాకపోతే వాళ్ల గదులు తనే తుడుచుకుంటూ చూస్తాడు. రాత్రి రెండింటికి ఏసీ కారుతోందని ఫోనొస్తే అదీ చూస్తాడు. ఛైర్మన్ గారి మాటని ఎల్ అండ్ టీ వారు దేశ నిర్మాణం పేరుతో సమర్థించుకున్నారు కదా, ఆ లెక్కన ఇదంతా దేశ నిర్మాణమే కావాలి.

“అన్నా, ఇంట్లో చూపు దండగయితే ఇక్కడ చూపుకి రేటెంతేటి?” అన్నాడు.

వేశాం లెక్క. వారానికి 168 గంటలు. డ్యూటీకి 90, నిద్రకి 56 పోతే మిగిలేవి 22. స్నానం, తిండి, రేషన్ లైను, సైకిలు తొక్కుడు పోగా పెళ్లాం ముఖానికి దక్కేది అరగంట. అదీ వృథా పోకూడదని చెక్‌లిస్టు పట్టుకుని చూశాడు. కంటి కింద నలుపు: ఉంది. నుదుటి మీద ముడత: ఉంది. సాయంత్రంలోగా సరిచెయ్యాలని రాసి సంతకం పెట్టాడు. ఆవిడ ఊరుకుంటుందా? ఫీడ్‌బ్యాక్ కాగితం మీద ఒకే ఒక్క స్టారు వేసి, “గెస్టు అర్ధరాత్రి దిగుతాడు, తెల్లారకుండా ఖాళీ చేస్తాడు, బిల్లు కట్టడు” అని రాసింది.

పొడవులో రికార్డులు మా ఊరికి కొత్త కాదు. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పొడవైన ప్లాట్‌ఫారం మాదే, 1072 మీటర్లు. ఇప్పుడా పేరు హుబ్బళ్లిది. పోనీ, డ్యూటీ పొడవులో గెలుద్దాం అనుకున్నాం.

ఇక నవ్వలేను. వీడి తాత ఇక్కడి రైల్వే వర్క్‌షాప్‌లో చేశాడు. 1948 ఫ్యాక్టరీల చట్టం ఆయనకి వారానికి 48 గంటలని రాసింది, ఆపైన చేస్తే రెట్టింపు కూలి అంది. మనవడి జేబుకి మేనేజర్ బిళ్ళ తగిలించారు కనక ఓవర్‌టైమ్ అడక్కూడదట. వారానికి 55 గంటలు, ఆపైన పనిచేసినందుకు పక్షవాతంతో, గుండెజబ్బుతో ఒక్క 2016లోనే 7,45,000 మంది పోయారని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి అంచనా వేశాయి. 2023-24లో 51 కోట్లు తీసుకున్న పెద్దమనిషి 90 అన్నారు! అయ్యా, మీరు దిగే హోటల్లో మీ పక్క దులిపే మనిషి ఆదివారం తన పెళ్లాం ముఖం చూసుకుంటే మీ సొమ్మేం పోయింది? చూసుకోనివ్వండి. పొద్దస్తమానం చూసుకోనివ్వండి.