జనానికి ఒక లెక్క, నేతలకు ఒక లెక్క

ఆంధ్రప్రదేశ్‌లో ఓట్ల లెక్కింపు ముగిసిన ప్రతిసారీ గెలిచిన పక్షం దాన్ని చారిత్రక ప్రజాతీర్పుగా చాటుతుంది, ఓడిన పక్షాన్ని జనం ఊడ్చేశారని ప్రకటిస్తుంది. 2019లో ఊడ్చివేతకు గురైన తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు, 175 స్థానాల సభలో 23 సీట్లు వచ్చాయి. 2024లో ఆ వంతు వచ్చిన వైఎస్సార్ కాంగ్రెస్‌కు 39.37 శాతం ఓట్లు, 11 సీట్లు దక్కాయి. రెండో పక్షం మొదటిదానికన్నా రవ్వంత ఎక్కువ శాతం ఓట్లు తెచ్చుకున్నందుకు ప్రతిఫలంగా అందులో సగం సీట్లకు కూడా నోచుకోలేదు. ఓట్ల నిష్పత్తిలో పంచితే ఏ పక్షానికైనా దాదాపు 69 సీట్లు రావలసిన చోట, పదిమందిలో నలుగురు వేసిన ఓటును లేనట్టుగా చూపించడానికే ప్రజాతీర్పు అని పేరు.

ఈ మహిమ జనానిది కాదు, లెక్కింపు పద్ధతిది. నియోజకవర్గంలో సగం ఓట్లు రాకపోయినా, మిగతా అభ్యర్థులకన్నా ఒక్క ఓటు ఎక్కువ వచ్చినవారే గెలిచినట్టు లెక్కగట్టే ఈ ఏర్పాటులో, రాష్ట్రమంతటా సమంగా పరుచుకున్న నలభై శాతం మద్దతు దాదాపు ప్రతిచోటా రెండో స్థానంగానే మిగులుతుంది, రెండో స్థానానికి సభలో కుర్చీ ఉండదు. బ్రిటన్ నుంచి వచ్చిన ఈ పద్ధతి తన పుట్టింటినీ వదల్లేదు: 2024లో అక్కడ 33.7 శాతం ఓట్లు పొందిన లేబర్ పార్టీకి 650 స్థానాల సభలో 411 సీట్లు దక్కితే, 14 శాతం దాటిన రిఫార్మ్ పార్టీకి దక్కినవి అయిదు.

ఇలా అడిగినవారికి వెంటనే స్థిరత్వ మంత్రం వినిపిస్తారు. ఓట్ల నిష్పత్తిలో సీట్లు పంచే దామాషా పద్ధతి వస్తే ప్రభుత్వాలు కూలిపోతాయట. 1996, 1998, 1999 సంవత్సరాల్లో దేశాన్ని మూడుసార్లు లోక్‌సభ ఎన్నికలకు నడిపించినది దామాషా పద్ధతే అయినట్టు ఈ భయం పలుకుతుంది. అభ్యర్థికొక ఓటు, పార్టీకొక ఓటు వేయించి, పార్టీ ఓట్ల నిష్పత్తిని బట్టి సభలో బలాబలాలు తేల్చే జర్మనీలో ఏంజెలా మెర్కెల్ పదహారేళ్లు పాలించిన సంగతి ఆ మంత్రంలో చేరలేదు.

మంత్రం పారనప్పుడు జనం అమాయకత్వం అక్కరకొస్తుంది. అభ్యర్థుల పేర్ల ఎదుట ఒకటి, రెండు, మూడు అని ఇష్టం కొద్దీ అంకెలు వేసే ప్రాధాన్య ఓటు సామాన్యులకు అర్థం కాదని వాదించే నాయకులు, రాజ్యసభ సభ్యులను, రాష్ట్రపతిని ఎన్నుకునేటప్పుడు ఆ అంకెలే వేస్తారు. రాజ్యాంగం అక్కడ నిర్దేశించినది ఏక ఓటు బదిలీ పద్ధతి. అంటే ఓటరు మొదట కోరినవారు పోటీ నుంచి తొలగిపోతే ఆ ఓటు వృథా కాకుండా తర్వాతి ప్రాధాన్యం పొందినవారికి చేరుతుంది. ఇద్దరు తెలుగువారు ముఖ్య పోటీదారులైన 1969 రాష్ట్రపతి ఎన్నికలో వి.వి. గిరికి మొదటి ప్రాధాన్యంలో 4,01,515 విలువైన ఓట్లు వచ్చి, నీలం సంజీవరెడ్డికన్నా ఆయన ఎంతో ముందున్నా, కావలసిన 4,18,169 అందనందున గెలిచినట్టు ప్రకటించలేదు. తక్కువ ఓట్లు వచ్చినవారిని తొలగించి వారి తర్వాతి ప్రాధాన్యాలను కలిపిన తర్వాతే ఫలితం తేలింది. రాష్ట్రపతికి చాలని ఆధిక్యం శాసనసభ్యుడికి మాత్రం చాలిపోతుంది. ఇక స్థానిక సంస్థల ఎమ్మెల్సీ ఎన్నికల్లో బడి చదువు అంతగా లేని ఎంపీటీసీ సభ్యులు సైతం ప్రాధాన్య క్రమంలో ఓటు వేస్తారు. పదవి వచ్చిన మరునాటికే అంకెలు వచ్చేస్తాయి కాబోలు.

లోక్‌సభ సీట్లు పెంచి, పెంచినవాటిని పార్టీల జాబితాల నుంచి ఓట్ల నిష్పత్తిలో నింపాలని లా కమిషన్ 1999లోనే సూచించినా, ఏ పెద్ద పార్టీ దానికోసం రోడ్డెక్కలేదు. అన్యాయానికి గురైన పక్షం ఓటింగ్ యంత్రాన్ని అనుమానిస్తుంది, అధికారులను నిందిస్తుంది, చివరికి జనం కృతఘ్నతను కూడా తప్పుపడుతుంది కానీ, లెక్కింపు పద్ధతిని మాత్రం పల్లెత్తు మాట అనదు. ఎందుకంటే నలభై శాతాన్ని పదకొండుకో ఇరవైమూడుకో కుదించగల ఆ పద్ధతి వచ్చే ఎన్నికల్లో ఎదుటివారిమీద తనకే పనికొస్తుందని దానికి తెలుసు.