హార్డ్లీ శబ్దానికి విశాఖ వ్యాఖ్య

మూలం: “గాజువాక హార్డ్లీ పది నిమిషాలు బాబూ, ఎక్కండి!”

అవతారిక: ఎన్.ఎ.డి. కొత్తరోడ్డు కూడలిలో షేర్ ఆటో సారథి పలికిన వాక్యమిది. కర్త అజ్ఞాతుడు, కాలం సాయంసంధ్య. రసం వీరమా, హాస్యమా అన్నది సీటు దొరికినదాన్ని బట్టి తేలుతుంది. కోలాచలం మల్లినాథసూరి మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాతకు అంత నిగ్రహం లేదు.

ప్రతిపదార్థం: గాజువాక = ఉక్కునగరానికి ముందు తగిలే ఊరు; హార్డ్లీ = దీని సంగతి ముందుంది; పది = పదికి తగ్గనివి; నిమిషాలు = బండి ఆగి ఉన్నంతసేపు లెక్కకు రానివి; బాబూ = వయసుతో నిమిత్తం లేని పిలుపు; ఎక్కండి = నలుగురి మధ్య ఐదోవారై సర్దుకోండి.

ఇక పూర్వపక్షం. ఇంగ్లీషు మాస్టారు లేచి అంటాడు: హార్డ్లీ అన్నది పూర్తిగా ‘కాదు’ అనని, అలాగని ‘అవును’ అనీ అనని క్రియావిశేషణం. అది ఉన్న వాక్యంలో ఇంకో ‘నాట్’ పెడితే మార్కులు పోతాయి. హార్డ్లీ పది నిమిషాలంటే పదీ నిండీ నిండనట్టు. కాబట్టి పదకొండో నిమిషం రాగానే సారథి మాట అబద్ధం. ఈ ఆక్షేపణ తేలిగ్గా తోసేయదగ్గది కాదు. కొత్తరోడ్డు దాటాక విమానాశ్రయం, షీలానగర్, బీహెచ్‌పీవీ, ఆ తర్వాత గానీ పాత గాజువాక రాదు. షీలానగర్ దగ్గర పోర్టు రోడ్డు జాతీయ రహదారిలో కలుస్తుంది. రేవు లారీలన్నీ అక్కడ బారులు తీరే వేళ పది నిమిషాలకు విమానాశ్రయం దాటితే గొప్ప.

సంస్కృత వైయాకరణులు ‘కాదు, లేదు’ అని చెప్పే ‘నఞ్’కు ఆరర్థాలు చెప్పారు: సాదృశ్యం, అభావం, అన్యత్వం, అల్పత, అప్రాశస్త్యం, విరోధం. నాలుగోదానికి వాళ్లిచ్చే ఉదాహరణ ‘అనుదరా కన్య’. ఉదరం లేని పిల్ల అని అర్థం చెప్పుకుంటే వైద్యుణ్ణి పిలవాలి. సన్నని నడుము గలదని భావం. అంటే లేదన్న మాటతో కొంచెమే ఉందని చెప్పడం. హార్డ్లీ ఈ అల్పతా కోటిలోదే అంటే మాస్టారూ కాదనలేడు.

తెలుగుకు ఈ విద్య తెలియనిది కాదు. అరకొర, అంతంతమాత్రం, బొటాబొటి అంటూ మనకు బోలెడున్నాయి. “మీ దర్శనమే గగనమైపోయింది” అన్నప్పుడు మనిషి ఎదుటే ఉంటాడు. తార్కికుల గగనకుసుమం ఎక్కడా లేనిదైతే, మన గగనం ఏడాదికోసారైనా ఇంటికొస్తుంది. అయితే అసలు విశేషం ఇది కాదు. “సభకు గట్టిగా పదిమంది కూడా రాలేదు” అంటాం కదా, ఆ ‘గట్టిగా’ను విడదీసి చూస్తే గట్టి, గా. హార్డ్లీని విడదీస్తే హార్డ్, లీ. ఒకరినొకరు ఎరగని రెండు భాషలు ఒకే రాయి ఎత్తి ఒకే చోట పెట్టాయి. తేడా ఒక్కటే: తెలుగువాడు చివర ‘రాలేదు’ అని వేరే చెప్పుకోవాలి, ఇంగ్లీషువాడి రాయిలోనే ఆ లేమి ఇమిడిపోయింది. అదీ మొదట్నుంచీ కాదు. పాత ఇంగ్లీషులో దానికి ధైర్యంగా అని అర్థం, తర్వాత కష్టంగా అని, చివరికి అంతంతమాత్రంగా అని.

ఆ నడిమి దశ 1611 నాటి ఇంగ్లీషు బైబిల్లో కనిపిస్తుంది. అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయంలో పౌలు ఎక్కిన ఓడ ఎదురుగాలికి క్రేతు ద్వీపం పక్కగా ఈడ్చుకుంటూ పోతుంది. గ్రీకు మూలంలో ఆ పాట్లు చెప్పే మాట ‘మోలిస్’. ఒక్క అధ్యాయంలో మూడుసార్లు వచ్చిన ఆ మాటకు ఇంగ్లీషువాళ్లు ఒకచోట స్కేర్స్ అనీ, ఒకచోట హార్డ్లీ అనీ, మూడోచోట చాలా పనైందనీ రాసుకున్నారు. దీనికి తోబుట్టువైన ‘మోగిస్’ శ్రమ అనే అర్థమున్న ‘మోగోస్’ నుంచి పుట్టింది. ధనవంతుడు పరలోకంలో ప్రవేశించడం గురించిన మాట దగ్గర మత్తయి ‘దుస్కొలోస్’ వాడాడు. అక్కడా ఇంగ్లీషులో హార్డ్లీయే.

ఈ గొడవ విశాఖకు కొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీ తరఫున 1805లో జార్జ్ క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ ఇక్కడికి వచ్చారు. క్రైస్తవం స్వీకరించిన బ్రాహ్మణుడు ఆనందరాయర్ సాయంతో సువార్తల్ని తెలుగు చేయడానికి పూనుకున్నారు. మత్తయి, మార్కు, లూకా 1812లో సేరంపూర్‌లో అచ్చయ్యేనాటికి క్రాన్, డెస్ గ్రాంజెస్ ఇద్దరూ కన్నుమూశారు. తర్వాత ఎడ్వర్డ్ ప్రిచెట్ కొత్త నిబంధన పూర్తిచేశాడు, 1818లో మద్రాసులో అచ్చయింది. ఇప్పుడు చేతుల్లో ఉన్న తెలుగు బైబిల్లో ధనవంతుడి ప్రవేశం ‘దుర్లభము’, మోలిస్ వచ్చిన మరోచోట నీతిమంతుడికోసం ఒకడు ప్రాణమివ్వడం ‘అరుదు’, ఓడవాళ్లు మాత్రం ‘బహు కష్టపడి’ వెళ్లారు. మోలిస్‌కు ఒకే తెలుగు మాట అంటగట్టకుండా చోటెరిగి మార్చారు, అదే మంచి పని. ఆ ఓడ చేరిన రేవు పేరు ‘మంచిరేవులు’. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున రేవున్న ఊరికి ఆ పేరు విడ్డూరంగా ఏమీ ఉండదు.

సిద్ధాంతం: మాస్టారి లెక్కలో తప్పిన సారథి గ్రీకు లెక్కలో గట్టెక్కుతాడు. నేటి గ్రీకులో మోలిస్ శ్రమను దాదాపు వదిలేసింది. ‘మోలిస్ ఇర్థా’ అంటే ఇప్పుడే వచ్చాను. ‘మోలిస్ దెక లెప్తా’ అంటే పదంటే పదే నిమిషాలు. ఇంగ్లీషువాడు ఎప్పుడో గానీ జరగదనడానికి హార్డ్లీ ఎవర్ అన్న చోట గ్రీకువాడు మోలిస్‌ను ముట్టుకోడు, దాదాపు ఎన్నడూ అనే అర్థంలో ‘స్ఖెదోన్ పొతె’ అంటాడు. కొత్తరోడ్డు హార్డ్లీ కూడా లేమిని వదిలి ‘మహా అయితే’ అనే అర్థానికి వచ్చేసింది. పైరియస్ నుంచి సరుకు ఓడ మీద వచ్చిన నావికుడెవరైనా ఆ ఆటో ఎక్కితే మాస్టారికన్నా ముందే భావం పట్టేస్తాడు. ఛార్జీ సంగతి వేరు.

అన్నట్టు ఇలాంటి కాలమానం ఆటోలకే పరిమితం కాదు. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని ఇందిరా గాంధీ 1970 ఏప్రిల్ 17న పార్లమెంటులో ప్రకటించారు. 1971 జనవరి 20న ఆవిడే శంకుస్థాపన చేశారు. పి.వి. నరసింహారావు దాన్ని జాతికి అంకితం చేసింది 1992 ఆగస్టు 1న. ఢిల్లీ లెక్కలో హార్డ్లీ ఇరవై ఒక్క ఏళ్లు.

తాత్పర్యం: ఓ ప్రయాణికుడా, బండి కదిలితే ఎక్కువసేపు పట్టదు. కదలడం మాత్రం ఇంకో ఇద్దరు ఎక్కాకే.

పాఠాంతరాలు: రుషికొండ ఐటీ ఉద్యోగుల ప్రతిలో ‘హార్డ్లీ’కి బదులు ‘జస్ట్’ అని ఉంది. పూర్ణామార్కెట్ ముసలమ్మలు ‘ఓ పది నిమిషాలు’ అంటారు. ఆ ‘ఓ’లో అరగంట వరకూ చోటుంది. గాజువాక నుంచి కొత్తరోడ్డుకు తిరిగొచ్చే ఆటోల్లో ‘ఒక్క ఐదు నిమిషాలు’ అనే పాఠం వినిపిస్తోంది. దూరం ఎటునుంచి చూసినా అంతే కనుక ఇది ప్రక్షిప్తమని కొందరు. పొద్దుటి షిఫ్టుకు వెళ్లేవాళ్లు మాత్రం అటువైపు దిగుడు ఉందని వాదిస్తున్నారు.