సీమకు విదేశాంగ మంత్రి కావలెను

రాయలసీమకు ప్రత్యేక రాష్ట్రం కావాలా, ప్యాకేజీ చాలునా అని పెద్దలు ఇంకా తేల్చుకుంటున్నారు. తేల్చుకోనీండి, తొందరేం లేదు. ఈలోగా అంతకంటే చిన్న కోరిక ఒకటి ఉంది. మాకో విదేశాంగ శాఖ ఇప్పించండి. రాష్ట్రం లేకపోయినా బండి లాక్కొస్తున్నాం గానీ, ఈ శాఖ లేకపోతే మాత్రం రోజు గడిచేలా లేదు. ఎగువన కర్ణాటక, ఏటి అవతల తెలంగాణ, దిగువన కోస్తా. మా తాగునీరు, సాగునీరు, కోర్టు, ఉక్కు ఫ్యాక్టరీ అన్నీ భద్రంగా ఒప్పందాల్లో ఉన్నాయి. బయట మాత్రం యాడా కనపడవు.

ఒప్పందాలతో మాకు పరిచయం ఇవాళ్టిది కాదు. 1800లో నిజాం ఇంగ్లీషువాళ్ల సైన్యాన్ని తన దగ్గర పెట్టుకున్నాడు. దాని ఖర్చుకు రొక్కం బదులు మమ్మల్ని రాసిచ్చాడు. ఆ ఒప్పందంలో మేం పక్షం కాదు, పైకం. రాసిచ్చిన నిజాం పేరు ఎవరూ పిల్లలకు పెట్టుకోలేదు గానీ, వసూలుకొచ్చిన కలెక్టర్ మన్రో పేరు మాత్రం పెట్టుకున్నారు, మన్రోలప్ప అని. మా వాళ్ల మంచితనం అట్లాంటిది.

అప్పటికి కర్నూలు నవాబు చేతిలోనే మిగిలింది. ఆఖరి నవాబు గులాం రసూల్ ఖాన్ కోటలో ఫిరంగులు, మందుగుండు కూడబెట్టాడు. ఎవరి మీదికి, ఎందుకు అని అడిగితే సరైన జవాబు రాలేదని 1839లో కంపెనీ సైన్యం వచ్చి ఆయన్ను తిరుచిరాపల్లికి పట్టుకుపోయింది. అక్కడే హత్యకు గురయ్యాడు. ఈ గడ్డ మీద సొంత విదేశాంగ విధానం ప్రయత్నించిన వాడు బహుశా ఆయనే ఆఖరు. ఆ తర్వాత ఆ పోస్టుకు అర్జీ పెట్టుకున్న వాడు లేడు.

ఇక మా ఒప్పందాలన్నింటికీ తాత, శ్రీబాగ్ ఒడంబడిక. 1937 నవంబరు 16న మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి ఇంట్లో కుదిరింది. ఆయన అమృతాంజనం అధినేత. తలనొప్పి మందు చేసే వారింట్లో సంతకాలు పెట్టినా, మాకు పట్టుకున్న తలనొప్పి మాత్రం ఇంకా వదల్లేదు. ఒడంబడికలో మాటలు బంగారం. తుంగభద్ర, కృష్ణ, పెన్న నీళ్లలో పదేళ్ల పాటు, అవసరమైతే ఇంకా ఎక్కువ కాలం, సీమకే మొదటి ప్రాధాన్యం అన్నారు. ఆ పదేళ్లు ఇంకా మొదలు కాలేదు. రాజధాని, హైకోర్టు రెంటిలో ఏది కావాలో సీమే ఎంచుకోవచ్చునన్నారు. మా కడప కోటిరెడ్డిగారు, కల్లూరు సుబ్బారావుగారు సంతకం పెట్టారు. అవతలి నుంచి భోగరాజు పట్టాభి సీతారామయ్యగారు, కొండా వెంకటప్పయ్యగారు పెట్టారు. అందరూ పెద్దమనుషులే. అదే చిక్కు. ఊళ్లో పదివేలు అప్పు అడిగినా జామీను ఎవరని అడుగుతారు, శ్రీబాగ్‌కు జామీను ఉన్నవాడు లేడు.

1953లో ఎంచుకునే రోజు రానే వచ్చింది. మేం రాజధాని ఎంచుకున్నాం. అక్టోబరు 1న కర్నూలుకు నెహ్రూ వచ్చి ఆంధ్ర రాష్ట్రం ప్రారంభించారు. కట్టడాలు చాలక ప్రభుత్వం గుడారాల్లో కూర్చుంది. ప్రకాశం పంతులుగారి మంత్రివర్గం ఏడాది తిరిగేసరికి మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో, 69కి 68తో, పడిపోయింది. రాష్ట్రపతి పాలన, ఎన్నికలు, కొత్త ముఖ్యమంత్రి, అన్నీ ఆ గుడారాలే చూశాయి. 1956 నవంబరు 1న రాజధాని హైదరాబాద్ బండెక్కింది. మొత్తం మూడేళ్ల ఒక నెల. ఎంచుకునే హక్కు ఒప్పందంలో ఉంది. ఎంచుకున్నదాన్ని ఉంచుకునే హక్కు గురించి మాత్రం ఎవరూ ఏమీ రాసుకోలేదు.

అరవై మూడేళ్లకు మళ్లీ మా తలుపు తట్టారు, ఈసారి దక్షిణాఫ్రికా మీదుగా. 2019 డిసెంబరు 17న అసెంబ్లీలో అప్పటి ముఖ్యమంత్రి జగన్ ఆ దేశానికి మూడు రాజధానులున్నాయని చెప్పారు. మరుసటి రోజుకల్లా కర్నూలు న్యాయ రాజధాని అయిపోయి, అక్కడి న్యాయ రాజధాని బ్లోమ్‌ఫాంటెయిన్‌తో వియ్యమందింది. ఆ వియ్యపురాలి సంగతి ఎవరూ విచారించలేదు. దక్షిణాఫ్రికా కొత్త రాజ్యాంగ న్యాయస్థానం బ్లోమ్‌ఫాంటెయిన్‌లో లేదు, జోహన్నెస్‌బర్గ్‌లో ఉంది. అక్కడా అదే కథ అన్నమాట. ఇక్కడ 2020లో మూడు రాజధానుల చట్టం చేశారు, 2021 నవంబరులో వాపసు తీసుకున్నారు, 2022 మార్చి 3న రాజధాని మార్చే అధికారం శాసనసభకు లేదని హైకోర్టు తేల్చింది. 2024 నవంబరు 21న, ప్రభుత్వం మారాక, కర్నూలులో హైకోర్టు బెంచి పెట్టాలని అసెంబ్లీ తీర్మానించింది. రాజధానితో మొదలుపెట్టి, హైకోర్టుకు దిగి, బెంచి దగ్గర ఆగాం. తర్వాతి బేరంలో స్టూలు అడుగుతామేమో.

నీళ్ల దౌత్యం మాత్రం మా జనానికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కొండారెడ్డి బురుజు దగ్గర ఉగ్గాని బజ్జి తింటూ ఇద్దరు మాట్లాడుకుంటుంటే విన్నాను.

"మట్టం ఎంతుందంటప్పా?"

"ఎనిమిదొందల యాభై దాటిండాదంట."

"అయితే ఇంకా నాలుగడుగులు."

"యాడ నాలుగడుగులు సామీ, అవతలోల్లు కరెంటు తీస్తాండారు. పొద్దు గూకేసరికి మళ్లా కిందికి."

ఇంకో బజ్జి అడిగారు. శ్రీశైలంలో 854 అడుగులు లేకపోతే పోతిరెడ్డిపాడు తూము సరిగా పారదని, 1996 నాటి 69వ జీవో ఆ కనీస మట్టాన్ని 834కు దించిందని ఆ ఇద్దరికీ కంఠతా వచ్చు. ఐక్యరాజ్యసమితిలో కూర్చోబెట్టాల్సిన మనుషులు బజ్జిల బండి దగ్గర ఉన్నారు.

పోనీ, యుద్ధాలు లేవా అంటే అవీ ఉన్నాయి. 2023 నవంబరు 30న, తెలంగాణలో ఓట్లు పడుతున్న రోజునే, ఆంధ్ర పోలీసులు నాగార్జునసాగర్ డ్యామ్ ఎక్కి 26 గేట్లలో 13 తమవన్నారు. శాంతి కాపాడటానికి సీఆర్‌పీఎఫ్ దిగింది. సరిహద్దు యుద్ధం అంటే అట్లుండాలి. కాకపోతే అది సాగర్ కుడి కాలువ కోసం జరిగిన యుద్ధం, మా పొలాలకు దాంతో సంబంధం లేదు. ఇట్లాంటి తగవులు తీర్చాల్సిన కృష్ణా బోర్డు ఆంధ్రలో ఉండాలని విభజన చట్టం చెబితే, బోర్డు హైదరాబాద్‌లోనే కూర్చుంది. పంపించమని అడిగిన మన ప్రభుత్వం ఒక దశలో ఎక్కడికి రమ్మందో తెలుసా? విశాఖపట్నం. కృష్ణా నది ఆ ఊరి మొహం ఎన్నడూ చూసి ఎరగదు.

తుంగభద్రది ఇంకో రకం. కేసీ కాలువకు బచావత్ ట్రిబ్యునల్ రాసిన 39.9 టీఎంసీల కోసం ఏటా ఉత్తరాలు నడుస్తాయి. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర డ్యామ్ 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. ఏ ఉత్తరమూ లేకుండా నీళ్లు సుంకేసుల దాటి శ్రీశైలంలోకి వచ్చిపడ్డాయి. ఇన్నేళ్ల దౌత్యంలో అడక్కుండా ఇచ్చింది ఆ గొలుసు ఒక్కటే.

రాయబారుల కొరత ఉందా అంటే అదీ లేదు. నీలం సంజీవరెడ్డి, దామోదరం సంజీవయ్య, కోట్ల విజయభాస్కరరెడ్డి, వైఎస్, చంద్రబాబు, కిరణ్‌కుమార్‌రెడ్డి, జగన్. ముఖ్యమంత్రుల్లో ఇంతమందిని పంపిన ప్రాంతం ఇంకోటి చూపించండి. పంపిన వాళ్లు పోయిన చోటే ఇల్లు కట్టుకున్నారు. పెద్ద దేశాలు రాయబారుల్ని మూడేళ్లకోసారి మారుస్తాయి, అవతలి వాళ్ల వంట అలవాటు కాకుండా. మేం మార్చం. అందరూ అంతేనంటే పాపం తగులుతుంది. పోతిరెడ్డిపాడును 44 వేల క్యూసెక్కులకు పెంచింది వైఎస్ హయాంలోనే, 2020లో రాయలసీమ ఎత్తిపోతలకు జీవో ఇచ్చింది జగన్ ప్రభుత్వమే. రెండోదాన్ని గ్రీన్ ట్రిబ్యునల్ ఆపింది.

కడప ఉక్కు గురించి చెప్పకపోతే కడప వాళ్లు కోప్పడతారు. ఆరు నెలల్లో పరిశీలించమని 2014 విభజన చట్టం సెయిల్‌కు చెప్పింది. శంకుస్థాపన 2007లో బ్రహ్మణి ఉక్కు కంపెనీకి ఒకసారి, 2018లో కంబాలదిన్నెలో ఒకసారి, 2019లో, మళ్లీ 2023లో సున్నపురాళ్లపల్లెలో. కడప బండలకు దేశమంతా గిరాకీ. ఎగుమతి కాకుండా మిగిలినవి శిలాఫలకాలవుతున్నాయి.

కాబట్టి ప్రకటన. విదేశాంగ మంత్రి కావలెను. శ్రీబాగ్ చదివి ఉండాలి, చదివాక నిద్ర పట్టేవారికి ప్రాధాన్యం. 854 అడుగులు అంటే ఏమిటో తెలియాలి. హైదరాబాద్‌లో గానీ, అమరావతిలో గానీ ప్లాటు ఉండరాదు. ఈ ఒక్క నిబంధనతో అర్జీలు సున్నాకు పడిపోయాయని తెలిసి దాన్ని సడలించాం.

ఆఫీసు ఎక్కడ అన్నదే మిగిలింది. పాత రాజధాని మాది గనక మాకే అని కర్నూలు, సంతకం పెట్టిన కోటిరెడ్డిగారిది మా ఊరు గనక మాకే అని కడప. రెండు దఫాలు చర్చలు జరిగాయి, మూడో దఫాకు కుర్చీలు లేచాయి. గొడవ తేలేదాకా తాత్కాలికంగా ఆఫీసు హైదరాబాద్‌లో పెట్టుకోమని సర్దిచెప్పారు. అద్దె మేమే కట్టుకోవాలట.