ఇంజిన్ ముట్టలే!

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా పాత ట్రాలీ బేరం ఎక్కడ జరిగినా ఒక మంత్రం తప్పకుండా వినిపిస్తుంది: "ఇంజిన్ ముట్టలే అన్నా!" టాటా ఏస్ అయినా, బొలెరో పికప్ అయినా, అశోక్ లేలాండ్ దోస్త్ అయినా మంత్రం మారదు. పదేళ్లు జమ్మికుంటకు పత్తి మోసిన బండి, సిరిసిల్ల నుంచి బట్టల మూటలు తోలిన బండి, కిస్తులు కట్టక ఫైనాన్సోళ్లు గుంజుకపోయి వేలం వేసిన బండి, దేని ఇంజినూ ఎవరూ ముట్టరు. బాడీకి మూడుసార్లు రంగు పడి ఉంటుంది. సీటులోంచి స్పాంజి బయటికి చూస్తుంటుంది. డోరును తాడుతో కట్టి ఉంచుతారు. ఇంజిన్ మాత్రం షోరూం నుంచి నిన్ననే దిగినట్టు!

ఒక్కోసారి ఆ మాట అక్షరాలా నిజం. భయపడాల్సింది అప్పుడే. ముట్టలేదంటే ఆయిల్ మార్చడానికి ముట్టలేదు, ఎయిర్ ఫిల్టరు విప్పి దులపడానికి ముట్టలేదు, డీజిల్ ఫిల్టరు ఎక్కడుంటుందో చూడటానికీ ముట్టలేదు. రేడియేటర్లో కూలెంట్ పోయాల్సిన చోట బోరింగు నీళ్లు పోసి, లోపల సున్నం పేరుకుంటున్నా ముట్టలేదు. పదేళ్లు ఒంటికి నీళ్లు తగలలేదని మనిషి గొప్పగా చెప్పుకుంటే పక్కవాళ్లు లేచి దూరం జరుగుతారు. బండి సంగతి వచ్చేసరికి అదే గొప్పకు పాతికవేలు ఎక్కువిస్తారు.

ముట్టించినవాడికి మాత్రం జరిమానా. రింగులు మార్పించి, హెడ్డు గ్యాస్కెట్ వేయించి, లేత్ పని చేసినవాడి బిల్లుతో సహా చూపించాడా, ఆ ఓనరు పని అయిపోయినట్టే. "ఓహో, బోరుకు వచ్చిందన్నట్టు!" అని కొనేవాడు మొహం చిన్నబుచ్చుకుని ధర సగం నుంచి మొదలుపెడతాడు. పక్కన నిలబెట్టిన బండి ఓనరు అదే పొగ, అదే చప్పుడు పెట్టుకుని, నోరు మూసుకుని మంచి ధరకు అమ్ముకుపోతాడు. కాబట్టి దలారిని ఒక్కడినే తిట్టడం న్యాయం కాదు. కొనేవాడు ఏం వినాలనుకుని వస్తాడో వాడికి తెలుసు, అదే వినిపిస్తాడు.

ఇక బండి చూసే తంతు. వెంట ఒక బావమరిది వస్తాడు. ఆయన దోస్తుకు బైక్ మెకానిక్ షెడ్డు ఉంది గనుక లోకంలోని ఇంజిన్లన్నిటి మీదా ఆయనకు అధికారముంది. రాగానే టైరును కాలితో తంతాడు. క్యాబిన్‌లోకెక్కి ఎక్సలేటర్ బర్రుమని తొక్కి, "సౌండ్ మస్తున్నది బావా" అని తీర్పు చెబుతాడు. మీటరు 62,000 కిలోమీటర్లు చూపిస్తే తల ఊపుతాడు. బ్రేకు పెడల్ మీద రబ్బరు అరిగి ఇనుము మెరుస్తున్నా, మీటరు మాట మీదే నమ్మకం.

ఏస్‌లో ఇంజిన్ సీటు కిందే ఉంటుంది. సీటు లేపి చేయి పెడితే సగం కథ అక్కడే తెలుస్తుంది. పొద్దున ఏడింటికే ఇంజిన్ వేడిగా ఉందా? "ఇప్పుడే కూరగాయల కిరాయి కొట్టి వచ్చిన, గందుకే గరమున్నది" అంటారు. గరం చేసిన డీజిల్ ఇంజిన్ అరిగిపోయినదైనా ఒక్క సెల్ఫ్‌కే అందుకుంటుంది. చల్లటి ఇంజిన్ అబద్ధమాడలేదు. స్టార్ట్ చేశాక ఆయిల్ మూత తీసి చూడాలి. పొగ భుస్సుమని తన్నుకొస్తే మెకానిక్కులు 'బ్యాక్ కంప్రెషన్' అంటారు. పిస్టన్ రింగులు, బోరు అరిగి పైన మండాల్సిన గ్యాసు కిందికి దిగుతోందని దాని అర్థం. గేజు బయటికి లాగితే ఆయిల్ పాలు కలిపిన చాయ్‌లా ఉందంటే నీళ్లు కలిశాయి. సైలెన్సర్ నుంచి నీలం పొగ వస్తే ఆయిల్ మండుతోంది. ఆయిల్ మరీ చిక్కగా, జిగటగా ఉంటే సంతోషించొద్దు. చప్పుడు, పొగ నాలుగు రోజులు కనబడకుండా దాచే పాత ఉపాయమది. వీటికి ఖర్చు ఒక పాత గుడ్డ ముక్క. అయినా బావమరిది టైరునే తంతాడు.

అసలు ఏ పనికి ఏ ఇంజిన్ అన్న ప్రశ్న ఈ మొత్తం తంతులో ఎక్కడా రాదు. 2005లో టాటా మోటార్స్ ఏస్‌ను దించినప్పుడు అందులో పెట్టింది 702 సీసీ, రెండు సిలిండర్ల డీజిల్ ఇంజిన్. ఇండికాలోని 1405 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సగం అన్నమాట. బలం 16 హార్స్‌పవర్, మోయాల్సిన బరువు 750 కిలోలు. కరీంనగర్ గల్లీల్లో గ్యాస్ సిలిండర్లు, నీళ్ల క్యాన్లు తిప్పడానికి ఇంతకన్నా మంచి బండి దొరకడం కష్టం. కానీ మనవాళ్లు దానిమీద టన్నున్నర సిమెంటు వేసి నిర్మల్ దాటాక మహబూబ్ ఘాట్ ఎక్కిస్తారు. ఎక్కకపోతే "ఇంజిన్‌ల దమ్ము లేదు" అని తిడతారు. బరువులతో ఘాట్ ఎక్కేవాడు 2,523 సీసీ బొలెరో పికప్ కోసం వెతకాలి. కాలనీల్లో ఆగుతూ పోయేవాడికి ఆ పికప్ దండగ. పత్తి బస్తాలకు, పాల క్యాన్లకు ఒకే ఇంజిన్ చాలనుకోవడం ఎడ్లబండికీ రిక్షాకూ ఒకే ఎద్దును కట్టడం లాంటిది.

తర్వాతి మంత్రం "డీజిలైతేనే మిగులుతది". ఇది 2012 నాటి మాట. అప్పుడు ఢిల్లీలో పెట్రోలు లీటరు 70 రూపాయలు దాటితే డీజిల్ 41 దగ్గరే ఉంది. 2014 అక్టోబరులో కేంద్రం డీజిల్ ధర మీద నియంత్రణ ఎత్తేసింది. 2024 మార్చి తర్వాత హైదరాబాద్‌లో పెట్రోలు 107 పైన, డీజిల్ 95 పైన నడిచాయి. ముప్పై రూపాయల తేడా పన్నెండుకు దిగినా, మన లెక్క దిగలేదు. నెలకు 600 కిలోమీటర్లు తిరిగే కిరాణా సేటు లెక్క చూద్దాం. డీజిల్ బండి లీటరుకు 20, పెట్రోలు బండి 15 ఇస్తుందనుకున్నా, డీజిల్‌తో ఆయనకు నెలకు మిగిలేది 1,430 రూపాయలు. నాజిల్స్, డీజిల్ పంపు ఒక్కసారి మొరాయిస్తే ఏడాది మిగులు షెడ్డులోనే వదిలేసి రావాలి. అదే నెలకు 3,000 కిలోమీటర్లు తిరిగేవాడికి మిగులు ఏడు వేలు దాటుతుంది. ఆయన డీజిల్ కొంటే తప్పులేదు. సేటుకు మాత్రం ఈకో పెట్రోలు కార్గో చాలు. కానీ దానికి ఇంజిన్ చప్పుడు తక్కువ, చప్పుడు లేనిది బలమైనదంటే బావమరిది ఒప్పుకోడు.

2020 ఏప్రిల్ తర్వాతి బీఎస్-6 డీజిల్ బండ్లకు ఇంకో చిక్కుంది. చాలావాటిలో పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే బండి అప్పుడప్పుడూ రాజీవ్ రహదారి లాంటి దారిమీద ఆగకుండా పరుగెత్తాలి. రోజూ మార్కెట్‌కూ దుకాణానికీ మధ్య రెండు కిలోమీటర్లు తిరిగే బండిలో అది పూడుకుపోతుంది. డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది. మనవాళ్లు ఆ లైటుకు స్టిక్కరు అంటిస్తారు.

ఇక కాగితాలు. "ఎఫ్‌సీ ఉన్నది గదా" అనేది ఇంకో ధైర్యం. ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, తర్వాత ఏటా తీసుకునే ఆ ఫిట్‌నెస్ కాగితంలో బ్రేకుల గురించి, లైట్ల గురించి ఉంటుంది. బోరు ఇంకెన్నాళ్లు ఆగుతుందో ఉండదు. ఆర్సీలో ఇంజిన్ నంబరు మాత్రం ఉంటుంది. ముట్టలేదన్న ఇంజిన్ మీది నంబరు, ఆర్సీలోని నంబరు ఒకటి కాకపోతే ముట్టడమే కాదు, ఇంజినే మారింది. పెన్‌గంగ అవతల నుంచి, చంద్రాపూర్, యవత్మాల్ నంబర్లతో వచ్చే బండ్ల దగ్గర ఈ ఒక్క పని మరచిపోతే తర్వాత ఆర్టీఓ ఆఫీసు చుట్టూ తిరగాల్సిందే.

పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర నాటికి ఆదిలాబాద్ అడవి పల్లెల్లో పొద్దుటి చలి 5 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. పాత డీజిల్ కొనేవాళ్లకు అంతకన్నా మంచి ముహూర్తం లేదు. అమ్మేవాడు నిద్ర లేవకముందే వాకిట్లో నిలబడండి. సెల్ఫ్ మీ చేత్తో కొట్టండి. "ముట్టలే" అంటే "ఎందుకు ముట్టలే?" అని అడగండి. ఎన్నిసార్లు ముట్టించాడో బిల్లులు చూపించే ఓనరు దొరికితే, బావమరిదిని చాయ్‌కి పంపి బయానా ఇచ్చేయండి.