అల్పపీడనంలో బాల్యం

విశాఖపట్నం నుంచి భీమిలికి బీచ్ రోడ్డు దాదాపు పాతిక కిలోమీటర్లు. ఆ రోడ్డు పక్కన పుట్టి పెరిగి హైదరాబాద్‌లో స్థిరపడ్డ నడివయసు మనిషికి ఒక జబ్బుంటుంది. పెళ్లాం పిల్లల్ని అక్కడికి తీసుకెళ్లి, "ఇదిగో, సరిగ్గా ఇక్కడే..." అని మొదలెట్టకపోతే నిద్ర పట్టదు. మన కథానాయకుడు అందుకు అక్టోబరులో ముహూర్తం పెట్టుకున్నాడు. బంగాళాఖాతంలో అల్పపీడనం కూడా అదే ముహూర్తం చూసుకుంది.

భీమునిపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద సూచిక ఎగరేశారని టీవీలో చెప్పారు. "మా చిన్నప్పుడు మూడో నంబరుకి గొడుగు కూడా తీసేవాళ్లం కాదు" అన్నాడాయన.

బయల్దేరారు.

తెన్నేటి పార్కు దగ్గర కారాపి, 2020 అక్టోబరులో ఇలాంటి వాతావరణంలోనే ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ ఇక్కడ ఒడ్డుకు కొట్టుకొచ్చిందని చెప్పాడు. "ఏది నాన్నా?" అంటూ పిల్లలు కిటికీ అద్దాలు తుడిచారు. ఓడ సంగతి సరే, సముద్రమే కనిపించలేదు. చప్పుడు మాత్రం బ్రహ్మాండంగా వినిపించింది.

తొట్లకొండ ఎక్కేసరికి ఆయన గొంతులో బలం వచ్చింది. రెండు వేల ఏళ్ల కిందటి బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు చూపించాడు. ఆ ఊపులో, వానాకాలమంతా భిక్షువులు తిరుగుళ్లు మాని ఒకేచోట ఉండాలని బుద్ధుడు నియమం పెట్టాడన్న సంగతీ చెప్పేశాడు.

"అంత మంచి నియమం తెలిసుండి మమ్మల్నెందుకు బయల్దేరదీశారండీ?" అంది భార్య.

భిక్షువులు సంసారులు కారు కాబట్టి వాళ్లకీ ప్రశ్న ఎదురై ఉండదు.

తర్వాత ఎర్రమట్టి దిబ్బలు. గాలి మేటలు వేసిన ఎర్ర ఇసుకను వేల ఏళ్లుగా కోసి, గోడలుగా, గండ్లుగా తీర్చింది వాననీరే. "శిల్పి పనిలో ఉండగా చూడ్డం ఎంత అదృష్టం!" అంటూ ఆయన కారు దిగాడు. శిల్పి ఆయన తెల్ల ప్యాంటు మీద కూడా మోకాళ్ల దాకా పనిచేశాడు.

భీమిలిలో డచ్చివారి సమాధులున్నాయి. 17వ శతాబ్దంలో వర్తకానికి వచ్చి, ఈ మట్టిలోనే కలిసిపోయినవాళ్లవి. "వీళ్లూ అక్టోబరులోనే వచ్చుంటారు" అంది పెద్దమ్మాయి.

బీచ్ దగ్గర టార్పాలిన్ కింద ఒక ముసలమ్మ మొక్కజొన్న పొత్తులు కాలుస్తోంది. "ఏటి బాబూ, ఈ వానలో సంద్రం సూడ్డానికొచ్చినారేటి?"

"మాది ఈ ఊరేనమ్మా!"

"ఈ ఊరోలైతే ఇంటికాడే ఉందురు గదా" అందామె, పొత్తుకి నిమ్మకాయ రుద్దుతూ.

భీమిలి చూడదలచినవారు సంక్రాంతి ముందో వెనకో వెళ్లండి. అక్టోబరు తప్పదంటే తువ్వాళ్లు ఎక్కువ పెట్టుకోండి, తెల్ల బట్టలు మానండి. బౌద్ధం గురించి మాత్రం ఇల్లు చేరాకే మాట్లాడండి.