ఆర్వెల్ దొర మార్కుల పట్టీ

మంచి పబ్బు ఎలా ఉండాలో జార్జ్ ఆర్వెల్ 1946 ఫిబ్రవరి 9న లండన్ ‘ఈవెనింగ్ స్టాండర్డ్’ పత్రికలో తీరిగ్గా రాశాడు. ‘ద మూన్ అండర్ వాటర్’ అని దానికో పేరు కూడా పెట్టాడు. పది గుణాలు చెప్పి, నోరూరించి, చివర్న అలాంటిది అసలు లేనే లేదు పొమ్మన్నాడు. తనకు తెలిసిన ఒక పబ్బుకు మాత్రం పదికి ఎనిమిది మార్కులిచ్చాడు. పుట్టింది బీహారు మోతీహారిలోనే కదా, ఇంకొంచెం దక్షిణానికి దిగి పాలమూరు చూసి ఉంటే అంత నిరాశపడేవాడు కాదు. అందుకే మక్తల్ పక్క ఓ కల్లు దుకాణంలో కూర్చుని, ఆయన పట్టీ ప్రకారమే దిద్దడం మొదలుపెట్టాను.

పబ్బు బస్‌స్టాపుకు రెండు నిమిషాల దూరంలో, సందులో ఉండాలట. తాగుబోతులకు దారి దొరకకూడదట! ఇక్కడ సున్నా. రాయచూరు రోడ్డు దిగి కంపచెట్ల మధ్య ఎంత లోపలికి పోయినా మనవాళ్లు కళ్లు మూసుకుని వచ్చేస్తారు. వెళ్లేటప్పుడే దారి తప్పేది.

రోజూ వచ్చేవాళ్లు రోజూ అదే కుర్చీలో కూర్చోవాలి. పదికి పది. 2019లో మక్తల్ మహబూబ్‌నగర్ నుంచి నారాయణపేట జిల్లాకు మారింది గానీ, ఆ షాబాదు బండమీద కూర్చునే కాక మాత్రం జరగలేదు.

అమ్మే ఆవిడ అందర్నీ ఆప్యాయంగా పిలవాలి. లండన్‌లో ‘డియర్’ అంటారట. ఇక్కడ గల్లాపెట్టె దగ్గరి అవ్వ ‘ఏం కొడుకా, పాత బాకీ తెచ్చినవా?’ అంది. ఆప్యాయతకు మార్కులు వేసి, బాకీ మాట వినబడనట్టు ఊరుకున్నాను.

పిడి లేని గ్లాసులో బీరు పోయకూడదన్నది దొరవారి పట్టుదల. మాది సీసా. మెడ పట్టుకుంటే అదే పిడి. తినడానికి ఆయన లివర్ సాసేజ్ శాండ్విచ్ అడిగాడు. మాకు బోటి ఉంది, శెనగ గుడాలున్నాయి. ఈ పద్దులో లండన్ ఫెయిలు.

రేడియో, పియానో ఉండకూడదు, మాట వినబడాలి. పియానో అయితే లేదు. నాలుగు ఫోన్లలో నాలుగు పాటలు. అయినా పూనా నుంచి పండక్కి వచ్చిన మేస్త్రీ ఆ నాలుగింటినీ మించి అక్కడి కాంట్రాక్టరును తిడుతుంటే అందరికీ స్పష్టంగానే వినబడింది.

ఆడవాళ్లూ పిల్లలూ రావడానికి వెనక తోట ఉండాలన్నాడు. ఇక్కడ తోటలోనే దుకాణం. ముసలమ్మలు కొంగు సర్దుకుని దర్జాగా కూర్చుంటారు. అమ్మవారికి సాకపోసే కల్లు మనుషులకు తప్పెలా అవుతుంది?

ఇక మిగిలింది సరుకు. ఇక్కడే నా కలం ఆగింది. చెట్టు దిగిన కల్లు పొద్దున తియ్యగా, మధ్యాహ్నం పుల్లగా, సాయంత్రానికి ఘాటుగా మారుతుంది. ఏ గంటకు దించిందో నాలుకే చెప్పేస్తుంది. ఈ సీసా మాత్రం ఏ గంటకూ చెందని రుచిలో ఉంది. పాలమూరులో ఎక్సైజు దాడులు జరిగినప్పుడల్లా పేపర్లో డైజిపామ్, ఆల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ పేర్లు వస్తుంటాయి. కల్లు వార్త మందుల చీటీలా ఉంటే ఎట్లా?

‘కాకా, చెట్టు కల్లు కాదా ఇది?’ అన్నాను.

‘చెట్టు కల్లు కావాల్నంటే చెట్టు కిందికే పోవాలె సారూ. పొద్దుగాల్ల పో. గౌడు మోకు కట్టి ఎక్కుతడు, లొట్టి దించుతడు, నీ ముందల్నే వంచుతడు. కలపనీకి టైమేడ ఉంటది?’

ఆర్వెల్ పది గుణాల సంగతి చెప్పాను. కాక శ్రద్ధగా విని, ‘అన్నీ మంచిగనే రాసిండు. ఆ బీరు చేసెటోడు ఎవడో చూసిండా మరి?’ అన్నాడు.

చూసినట్టు ఎక్కడా రాయలేదు. పట్టీలో పదకొండో గడి గీసి, లండన్‌కూ మక్తల్‌కూ కలిపి సున్నా చుట్టాను.