యెజ్డీ బాబాయి

గుంటూరు బ్రాడీపేటలో మా బాబాయి ఇంటికి దారి అడిగితే ఎవరూ లైను నంబరూ, అడ్డరోడ్డు నంబరూ చెప్పరు. "ఏ గేటు ముందు నల్లనూనె మరకలుంటే అదే" అంటారు. తల్లిదండ్రులు పెట్టిన పేరొకటి ఆయనకు లేకపోలేదు, కరెంటు బిల్లు మీద కనిపిస్తుంది. లోకానికి మాత్రం యెజ్డీ బాబాయి.

ఇలాంటి బాబాయి మాకొక్కరికే ఉన్నాడనుకోకండి. ఊరికొకడుంటాడు. వయసు యాభై దాటుతుంది, పిల్లలు హైదరాబాదుకో డాలస్‌కో వెళ్ళిపోతారు, మోకాళ్ళు మొరాయించడం మొదలెడతాయి. సరిగ్గా అప్పుడే, కాలేజీ రోజుల్లో కొనుక్కోలేకపోయిన బండి కల్లోకొస్తుంది. కొందరికి బుల్లెట్టు, కొందరికి రాజ్‌దూత్, కాస్త కుర్రతనం మిగిలినవాళ్ళకి ఆర్‌ఎక్స్ 100. మా బాబాయికి యెజ్డీ రోడ్‌కింగ్ వచ్చింది.

బండి తెనాలి దగ్గర ఓ పల్లెటూళ్ళో గొడ్లచావిట్లో దొరికింది. 1984 మోడలు. సీటు మీద కోడి పొదిగి లేచి వెళ్ళిన ఆనవాళ్ళున్నాయి. పాత ఇనుమువాడు కాటా వేయబోతుంటే బాబాయి అడ్డంపడి తెచ్చుకున్నాడు. "ఎంతకమ్మాడండీ?" అని పిన్ని అడిగితే, "అమ్మలేదే, అప్పగించాడు" అన్నాడు. పిన్ని ఇంకేం మాట్లాడకుండా చెప్పుల స్టాండు పక్కకి జరిపి వరండాలో చోటు చూపించింది.

ఆ బండి వంశం గురించి అడిగితే చాలు, తద్దినానికి పేర్లు చెప్పినట్టు తడుముకోకుండా చెబుతాడు. మూలపురుషుడు చెకోస్లోవేకియా జావా. 1961లో మైసూరులో ఐడియల్ జావా కార్ఖానా వెలసింది. 1973లో ఇంటిపేరు మారి యెజ్డీ అయింది. 1978లో రోడ్‌కింగ్ పుట్టింది. 1996లో కార్ఖానా మూతపడింది. ఈ చివరి సంవత్సరం దగ్గరికొచ్చేసరికి కళ్ళజోడు తీసి పంచె చెంగుతో తుడుచుకుంటాడు. "2022లో అదే పేరుతో కొత్తవి వచ్చాయి కదా బాబాయ్" అంటే, "అవి ఫోర్‌స్ట్రోకురా" అని మొహం తిప్పేసుకుంటాడు.

బండి దిగిన దగ్గర్నుంచీ ఆ ఇంట్లో ఇడ్లీ బంద్. ఇడ్లీ రేకుల్లో కార్బొరేటర్ ఉంది మరి. ఒక గుంటలో మెయిన్ జెట్టు, పక్క గుంటలో పైలట్ జెట్టు, మూడోదాంట్లో నీడిలు, నాలుగోదాంట్లో ఓ ఇత్తడి వాషరు. ఆ వాషరు ఎందులోంచి ఊడిందో ఇప్పటికీ తేలలేదు. ఊరగాయ జాడీలో కిరసనాయిలు, కిరసనాయిల్లో తుప్పుపట్టిన నట్లు. సిలిండర్ అరిగిపోయిందని లేత్ మేస్త్రీ దగ్గర బోరు చేయించి ఓవర్‌సైజు పిస్టన్ వేయించారు. పాత పిస్టన్ పారేయడానికి మనసొప్పక టీవీ మీద పెట్టాడు. ఇప్పుడు అందులో అగరొత్తులు గుచ్చుతున్నారు.

అసలు వేడుక బేరింగుల రోజున చూడాలి. అల్యూమినియం క్రాంక్‌కేసులో బేరింగును సుత్తి పెట్టి దిగగొట్టకూడదట. కేసును వేడిచేస్తే వ్యాకోచిస్తుంది, బేరింగును చల్లబరిస్తే కాస్త ముడుచుకుంటుంది. అప్పుడు వదిలితే దానంతటదే జారి కూర్చుంటుంది. అందుకని ముందు రోజు రాత్రే బేరింగులు పాలకవర్లో చుట్టుకుని ఫ్రీజరెక్కాయి, మనవడి ఐస్‌క్రీం డబ్బా కిందికి దిగింది. పొద్దున్నే క్రాంక్‌కేసు పెనంతో సహా గ్యాసు పొయ్యెక్కింది.

తీరా ఎంత వేడెక్కిందో తెలిసే దారి లేదు. వేడి కొలిచే గన్ను ఆన్‌లైన్లో బుక్ చేశాడు గానీ అది ఇంకా నాగపూర్లోనే ఉందని ఫోన్ చెబుతోంది. బాబాయి ఒక చేత్తో పట్కారు, ఇంకో చేత్తో ఫోను పట్టుకుని ఎవరో హిందీలో చెబుతున్న వీడియో వెతుకుతున్నాడు. పిన్ని వచ్చి, కుళాయి కింద వేళ్ళు తడుపుకుని నాలుగు చుక్కలు చిలకరించింది. చుయ్‌మని ఎగిరిపోయాయి. "కాలింది, వేసేయండి" అంది. బాబాయి పరుగున వెళ్ళి బేరింగు తెచ్చి వదిలాడు. టక్కుమని ఒక్క చప్పుడు, కొలిచి పోతపోసినట్టు కూర్చుంది. ముప్పై ఏళ్ళుగా దోసెలు వేస్తున్న మనిషి ఇంట్లో ఉండగా ఆయన నాగపూర్ వైపు చూడటమేమిటో నాకర్థం కాలేదు. ఆయనకీ అర్థం కాలేదనుకుంటాను. ఆ రోజు నుంచి పిన్నిని "మేస్త్రీగారూ" అంటున్నాడు.

పనితనంలో మాత్రం వంక పెట్టడానికి లేదు. కాంటాక్టు పాయింట్ల మధ్య ఖాళీ 0.4 మిల్లీమీటరు ఉండాలంటే ఉండాల్సిందే. ఫీలర్ గేజి పెట్టి, భూతద్దంతో చూసి, ఊపిరి బిగపట్టి స్క్రూ తిప్పుతాడు. వంటింటి కుళాయి కారుతోందని పిన్ని మొత్తుకోబట్టి ఏడాదయింది. "అది మనవల్ల కాదే, ప్లంబర్ని పిలు" అంటాడు.

ఇక స్పేర్ల యాత్రలు. పిన్నితో తిరుపతి వెళ్ళాలంటే మోకాళ్ళ నొప్పులు. బెంగళూరు జేసీ రోడ్డు, చెన్నై పుదుపేట, హైదరాబాదు పుత్లీబౌలి అంటే అవే మోకాళ్ళు తమంతట తాము రైలెక్కుతాయి. తెచ్చిన సామాన్లకు లెక్కల పుస్తకం కూడా ఉంది. అందులో ప్రతి అంకెకూ చివర ఒక సున్నా తక్కువ. "హెడ్‌లైటు రింగు 180" అని రాస్తే మనం పక్కన సున్నా పెట్టుకుని చదువుకోవాలి. పిన్ని అలాగే పెట్టుకుని చదువుతుంది. ఆ సంగతి బాబాయికి తెలియదు.

మొత్తానికి ట్యాంకుకు లప్పం పెట్టి, రంగు కొట్టించి, క్రోమియం మెరుగులు దిద్దించి ఓ ఆదివారం ముహూర్తం పెట్టాడు. మనవడి దగ్గుమందు గ్లాసుతో టూటీ ఆయిలు కొలిచి పెట్రోల్లో కలిపాడు. పక్కింటి కుర్రాడు చుట్టూ తిరిగి చూసి, "అంకుల్, సెల్ఫ్ లేదు సరే, కిక్కు రాడ్డు కూడా బిగించడం మర్చిపోయారు" అన్నాడు. బాబాయి జాలిగా నవ్వాడు. యెజ్డీలో గేరు రాడ్డూ కిక్కు రాడ్డూ ఒకటే. లోపలికి నొక్కి పైకి తిప్పితే గేరు కాస్తా కిక్కవుతుంది. ఆ ఒక్క తిప్పు చూపించడం కోసమే ఈయన ఇంత ఖర్చు పెట్టాడేమోనని నా అనుమానం.

నాలుగైదు కిక్కులకు బండి దగ్గింది. ఇంకో రెండింటికి అందుకుంది. రెండు సైలెన్సర్లూ ఒక్కసారిగా పొగ వదిలాయి. మునిసిపాలిటీవాళ్ళు దోమల మందు కొడుతున్నారనుకుని ఎదురింటావిడ గబగబా తలుపులు బార్లా తీసింది. బాబాయి లక్ష్మీపురం దాకా వెళ్ళి రాజసూయం చేసినవాడిలా తిరిగొచ్చాడు.

మర్నాడు వెళ్ళి చూద్దును గదా, ఇంజను మళ్ళీ ఇడ్లీ రేకుల్లో ఉంది. "ఏదో సన్నగా శబ్దం వస్తోందిరా" అన్నాడు. నాకు వినపడలేదు, మెకానిక్కుకీ వినపడలేదు. అప్పుడు తెలిసింది, బండి నడిపేవాళ్ళు వేరు, విప్పేవాళ్ళు వేరు. మా బాబాయి రెండో జాతి. బండి బాగుపడితే ఆయనకు పొద్దు గడవదు.

ఆర్‌సీ సంగతి మరో పురాణం. పదిహేనేళ్ళు దాటిన బండికి అయిదేళ్ళకోసారి రెన్యువల్ చేయించుకుంటూ పోవాలి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం తొలి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్ళు దాటితే వింటేజ్ గుర్తింపు వస్తుంది. యెజ్డీకి 2034లో యాభై నిండుతాయి. బాబాయి ఇప్పట్నుంచే రోజులు లెక్కపెడుతున్నాడు. "కాకపోతే వింటేజ్ అయ్యాక రోజువారీ పనులకు రోడ్డెక్కించకూడదట" అని దిగులుపడితే, "ఇప్పుడేదో ఎక్కుతున్నట్టు" అంది పిన్ని.

మొన్న స్పేర్లకోసమని ఇంకో యెజ్డీ దిగింది. నెల తిరక్కుండానే దాని మీదా జాలేసింది. "ఇంజను నెంబరుతో సహా అన్నీ ఒరిజినల్‌రా, దీన్ని విప్పి వాడుకోవడం మహాపాపం" అంటున్నాడు. దీన్ని నిలబెట్టాలంటే స్పేర్లు కావాలి, అంటే మూడో బండి కావాలి.

కాబట్టి అయ్యా, మీ ఊళ్ళో ఏ గొడ్లచావిట్లోనైనా, ఏ గడ్డివామి చాటునైనా పాత యెజ్డీ తుప్పుపడుతూ కనిపిస్తే, ఇనుమువాడికి చెప్పేముందు బ్రాడీపేటకు ఒక్క ఫోను కొట్టండి. ఆర్‌సీ పుస్తకం ఉందో లేదో మాత్రం చూసి మరీ చేయండి. ఫోను పిన్ని ఎత్తితే, రాంగ్ నంబరని పెట్టేయండి.